నూనె చేతులు

పొయ్యి మీద పాలు పొంగకముందే ఆ ఇంట్లో గొడవ పొంగింది.

చచ్చుబడిన కాళ్ల కండరాలను కదిపే మిషను తీగ చివరి కరెంటు బిళ్లను కోడలు తన భర్త తొడకు అంటిస్తే, అది మళ్లీ ఊడి పక్క మీద పడింది. తుడిచి అంటిస్తే మళ్లీ జారింది. చర్మమంతా నూనె.

"అత్తయ్యా, మళ్లీ మర్దనా చేశారా?"

"దేవుడికి దండం పెట్టుకుని వాడి కాళ్లకు నాలుగు చుక్కలు రాస్తే తప్పా?" వంటగదిలోంచి జవాబొచ్చింది.

"నూనె మీద బిళ్లలు నిలవవు. ఎన్నిసార్లు చెప్పాలి?"

మంచంలో ఉన్న అతను ఎలక్ట్రీషియన్. నిచ్చెన మీంచి పడ్డాడు. వెన్నుపాము నలిగింది గాని తెగలేదని, ఆశ ఉందని డాక్టర్లు చెప్పారు.

"బతుకంతా షాకు తప్పించుకు తిరిగాను. ఇప్పుడు పెళ్లాం చేత పెట్టించుకుంటున్నా" అన్నాడు గోడవైపు చూస్తూ.

అత్తగారు గడపలోకి వచ్చి నిలబడింది. "మిషను వచ్చిందని నన్ను మూలన కూర్చోమంటే ఎలా అమ్మాయ్? వాణ్ణి పెంచిన చేతులివి. వీటినేం చేసుకోను?"

"మీ పూజా మర్దనా అయ్యేసరికి నాకు ఆఫీసు వేళవుతోంది. ఈ కరెంటు వైద్యం నేనెప్పుడు చేయను?"

"పూజను మధ్యకు లాగకు."

"ఇక ఆపండి" అన్నాడతను. "కాలు ఎగిరినప్పుడల్లా ఇద్దరూ సంబరపడతారు. ఎగరేసింది మిషను. నేను ఒక్కసారీ ప్రయత్నించలేదు. ప్రయత్నించాక కూడా కదలకపోతే ఇంకేం మిగులుతుంది నాకు?"

ఆ మాటతో తల్లికి ఒక్కటే తట్టింది. వీడి గురించి రోజూ దేవుణ్ణి అడుగుతోంది గాని, వీణ్ణి ఏనాడూ అడగలేదు.

సాయంత్రం ఫిజియో డాక్టరమ్మ రాగానే కోడలు ఏదీ దాచకుండా చెప్పింది. డాక్టరమ్మ కుర్చీని మంచం దగ్గరకు లాక్కుంది.

"కరెంటు కండను కదుపుతుంది, అంతే. అది తగిలే క్షణంలోనే ఈయన కాలెత్తాలని గట్టిగా అనుకోవాలి. అప్పుడే కింద ఒక చెయ్యి సాయం పట్టాలి. మూడూ కలిస్తే వెన్ను మళ్లీ నేర్చుకోవచ్చు. తప్పకుండా అవుతుందని మాత్రం మాటివ్వలేను."

"ఒక్కదాన్ని ఎలా చేయను?" అంది కోడలు.

అత్తగారు లేచి, సబ్బు నీళ్లతో కొడుకు కాలు తుడిచింది. "మడమ నేను పడతా. నువ్వు మిషను మీట చూసుకో."

వారాలు గడిచాయి. కొన్ని రోజులు కాలు దుంగలా ఉండేది. అతను విసుక్కునేవాడు, అత్తాకోడళ్లు చారులో ఉప్పు దగ్గర కూడా వాదించుకునేవారు. అయినా తెల్లారేసరికి ముగ్గురూ ఆ మంచం దగ్గరే.

ఒకరోజు తల్లి ఉలిక్కిపడింది. "కాలు బరువు తగ్గిందే. మీట నొక్కావా అమ్మాయ్?"

"లేదత్తయ్యా. ఇంకా నొక్కలేదు."

అతను కళ్లు మూసుకుని, పళ్లు బిగించి ఉన్నాడు. నుదుటి మీద చెమట.

తల్లికి కన్నీళ్లు ధారగా కారుతున్నాయి. రెండు చేతుల్లోనూ కొడుకు మడమ ఉంది, వదలలేదు. కోడలు వంగి, తన కొంగుతో ఆమె ముఖం తుడిచింది.