ఏడో బొమ్మకు నీళ్లు

ఆదివారం అమావాస్య... మధ్యాహ్నం మూడు గంటలు!

పట్టపగలే విజయవాడ మీద కారుచీకటి కమ్ముకుంది. ఇంద్రకీలాద్రి శిఖరం నల్లమబ్బుల్లో కలిసిపోయింది. ఉరుము ఉరిమినప్పుడల్లా కృష్ణలంకలోని ఆ పాత మేడ కిటికీలు గడగడలాడుతున్నాయి. పగటిపూట కూయకూడని గుడ్లగూబ మేడ మీద ఎక్కడో కూసింది... ఒకసారి కాదు, మూడుసార్లు!

ఆటో దిగిన రాగిణి, సంచి భుజాన వేసుకుని మెట్ల వైపు పరుగెత్తింది. నాలుగు రోజులుగా మంచం దిగలేని అక్క త్రిపురసుందరి గంట కిందట తనంతట తానే లేచి, చెప్పులైనా వేసుకోకుండా వెళ్లిపోయిందని పక్కింటి ఛాయాదేవి గారు ఫోన్ చేశారు. ఎక్కడికో రాగిణికి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఈ మేడ మూడో అంతస్తులో ఉన్న ఉదయభాస్కర్ మాస్టారి బొమ్మల క్లాసుకే.

తప్పంతా తనదే! స్కూల్లో డ్రాయింగ్ టీచరు కదా, కొత్త విద్య నేర్చుకుందామని నాలుగు నెలల కిందట సరదాపడి ఈ క్లాసులో చేరింది. మాస్టారు తెల్ల కాగితం మీద చిటికెడు రంగు పలుకులు చల్లేవాడు. పొడిగా ఉన్నంతసేపూ అవి దేనికీ కొరగాని నలుసులు. స్ప్రే సీసాతో నీళ్లు కొడితే చాలు... ఒక్కో పలుకూ పగిలి, ఎరుపో నీలమో కాగితమంతా పాకేది. రాగిణి మురిసిపోయింది. ఆయన పెట్టిన నియమం ఒక్కటే. పలుకులు బయట ఉండగా ఫ్యాను వేయకూడదు, కిటికీ తెరవకూడదు. అది పనితనం అనుకుంది, పిచ్చిది!

ఒకరోజు ఆయన, సొంత రంగు చేసి ఇస్తాను, ఇంట్లో బాగా ఇష్టమైనవాళ్లు వాడే కుంకుమ తెమ్మన్నాడు. తల్లి పోయాక తనను పెంచిన అక్క కంటే ఇష్టమైనవాళ్లెవరు? అక్క కుంకుమ భరిణె పట్టుకెళ్లి ఆయన చేతిలో పెట్టింది. ఆ కుంకుమ కలిసిన పలుకులతో ఆరు బొమ్మలు వేసింది. మొదటి బొమ్మ ఆరిన రోజు అక్క పెదవుల్లో ఎరుపు పోయింది. రెండో బొమ్మకు జుట్టు నెరిసింది. ఆపైన ఒంటి ఛాయ, కనుపాప నలుపు... డాక్టరు రక్తం తక్కువని మాత్రలు రాశాడు. మొన్న శుక్రవారం రాగిణి దుర్గాఘాట్‌లో మునిగి, అక్క తలమీద చల్లుదామని చేతికందిన స్ప్రే సీసాలో కృష్ణ నీళ్లు పట్టి, హడావిడిలో సంచిలోనే మరిచిపోయింది.

నిన్న ఆరో బొమ్మలో, బ్యారేజీ పక్కన వేసిన పడవ మీద, తాను పలుకు వేయని చోట గోధుమరంగు చుక్క ఒకటి విచ్చుకుంది. ఇంటికెళ్లి చూస్తే అక్క గడ్డం మీది పుట్టుమచ్చ లేదు! రాత్రంతా రాగిణికి కునుకు పట్టలేదు.

తలుపు నెట్టింది.

గుగ్గిలం పొగ... హోమగుండం సెగ... నల్లగుడ్డ మీద కపాలం! నేల మీద పరిచిన పెద్ద కాగితంపై పొడి పలుకులతో తీర్చిన అక్క ముఖం! కిటికీ గోడకు ఆనుకుని అక్క, సున్నం కొట్టినంత తెల్లగా, జుట్టు విరబోసుకుని, కళ్లు తేలేసి ఊగిపోతోంది. ఆమె నోట్లోంచి వస్తున్నది ఆమె గొంతు కాదు. "చల్లు... చల్లు..." అని మగగొంతు గుర్రుమంటోంది.

ఎదురుగా నిప్పుల ముందు ఉదయభాస్కర్, ఒళ్లంతా చెమటలు కారుతూ కూర్చున్నాడు. డెబ్బై దాటిన మనిషి ముఖంలో ఒక్క ముడత లేదు. ఆ నునుపు ఎవరి ఒంట్లోంచి వచ్చిందో రాగిణికి తెలిసిపోయింది.

"రామ్మా," అన్నాడు నింపాదిగా. "ఏడో బొమ్మ ఇది. కుంకుమ ఇచ్చిన చేత్తోనే నీళ్లూ పడాలి. పలుకులు ఎవరి రూపం మీద తడిస్తే వాళ్ల ప్రాణం ఈ కపాలానిది. కపాలం నాకు పన్నెండేళ్ల ఆయుష్షు ఇస్తుంది."

"చల్లకపోతే?"

"మూడు రోజులు ఇలాగే అరిచి అరిచి పోతుంది. చల్లితే సుఖంగా పోతుంది. నీ ఇష్టం."

శ్మశానంలోని బావి నీళ్లు నింపిన మట్టి ముంత ముందుకు జరిపాడు. రాగిణికి ఏడుపు తన్నుకొచ్చింది. ఆ ఏడుపులోనే ఆయన మాట చెవిలో గింగురుమంది... ఎవరి రూపం మీద తడిస్తే! అయితే ఇన్నాళ్లూ ఫ్యాను వేయనివ్వనిది పనితనం కోసం కాదు. తన మీద పడతాయన్న భయంతో!

"ఉక్కగా ఉంది మాస్టారూ," అంటూ అక్క తల మీదుగా చెయ్యి చాచి, నది వైపు కిటికీ గడియ లాగేసింది.

ఆయన లేచేలోపే కృష్ణ మీది హోరుగాలి గదిలోకి దూకింది. కాగితం మీది ముఖం చెదిరి, సుడి తిరిగి, పలుకులన్నీ ఎదురుగా ఉన్న ఆ చెమట ఒంటికి అతుక్కుపోయాయి. నుదుట, చెంపల మీద, రొమ్ము మీద... తుడుచుకున్నకొద్దీ ఎర్రటి చారలు పాకాయి. క్షుద్రుడు మొదటిసారి భయపడ్డాడు!

రాగిణి సంచిలోంచి స్ప్రే సీసా తీసింది.

"అమ్మా దుర్గమ్మా, నీ కొండ కింది నీళ్లమ్మా ఇవి," అని వాడి ముఖాన కొట్టింది.

ఒక్కో పలుకూ పగిలింది! ఆరు బొమ్మల రంగులూ వాడి ఒంటి మీద ఒక్కసారిగా విచ్చుకుని, ధారలుగా జారిపోయాయి. వాటి వెంట వాడు దొంగిలించిన వయసంతా జారింది... చర్మం ముడతలు పడింది, జుట్టు రాలింది, కళ్లు తెల్లబడ్డాయి. ఇన్నేళ్లు మేపిన కపాలమే నోరు తెరిచి వాడి ప్రాణాన్ని గుటకేసింది! మరుక్షణం కృష్ణ నీరు సోకి టప్పున రెండు చెక్కలైంది. కిటికీలోంచి కొట్టిన వానజల్లుకు, వాడి ఒళ్లు రాలి మిగిలిన పిడికెడు బూడిదా తూములోకి కొట్టుకుపోయింది.

అక్క ఒరిగిపోయింది. ఇంకా తెల్లగానే ఉంది. రాగిణి ఆ తలను ఒళ్లో పెట్టుకుని ముఖమంతా తడిపింది. కదలిక లేదు. "నా చేత్తో ఇచ్చానే అక్కా, నా చేత్తోనే తీసుకో," అని ఏడుస్తూ సీసాలో మిగిలిన ఆఖరి చుక్కల్ని గడ్డం మీద కొట్టింది.

ఆ తడిలో నలుసంత గోధుమరంగు చుక్క ఒకటి మెల్లగా విచ్చుకుంది. తర్వాత పెదవుల్లో ఎరుపు పాకింది. త్రిపురసుందరి కళ్లు తెరిచి చెల్లెల్ని చూసింది.

"నీళ్లన్నీ మొహానేనా రాగీ," అంది, తన సొంత గొంతుతో. "కాసిని గొంతులో పొయ్యవే."