ఎమ్మోట్ తల్లి గుప్పిట

ఊరి వైద్యుడు థర్‌స్టన్ ఒంటికి మంచిదని ఏడాదికి నాలుగుసార్లు ఎమ్మోట్ తల్లికి నెత్తురు తీసేవాడు. పదకొండేళ్లుగా తీస్తున్నా ఆమె ముఖం ఎలా ఉంటుందో ఎరగడు. చర్చి గోడకు ఆనుకున్న గదిలోకి ఆమె తనంతట తానే వెళ్లి, తలుపు ఉండాల్సిన చోట రాళ్లు పేర్పించుకుని సన్యాసం పుచ్చుకుంది. తిండి అందించడానికి దాసి హవీస్ ఉండే గది వైపు ఒక కిటికీ, పాపం ఒప్పుకోవడానికి ఫాదర్ వైపు ఇంకొకటి. రెండింటికీ నల్లగుడ్డలు. హవీస్ వైపు గుడ్డ కిందనుంచి ఎడమచెయ్యి బయటికి వచ్చేది, ఈయన కోసి, పట్టి, కట్టుకట్టేవాడు. వాళ్లిద్దరి పరిచయం అంతే.

ఆ గురువారం మధ్యాహ్నం కూడా కత్తీ ఇత్తడి పళ్లెమూ పట్టుకుని వచ్చాడు. మంచు కురుస్తోంది.

"వచ్చారా అయ్యా! ఈ మంచులో జారిపడి కాలు విరగ్గొట్టుకుంటే ఊళ్లో మీకు కట్టుకట్టేదెవరు?" అంది హవీస్, పొయ్యి ఎగదోస్తూ.

"నువ్వున్నావుగా. నీ నోటికి భయపడి ఎముక దానంతటదే అతుక్కుంటుంది."

గుడ్డ కదిలింది. చెయ్యి బయటికి వచ్చింది.

కుడిచెయ్యి.

"ఇదేమిటి తల్లీ, ఎప్పుడూ ఎడమది కదా?" అన్నాడు. నెత్తురు తీసే రోజున ఆమె మాట్లాడదు, అది ఆమె నియమం. గుప్పిట బిగించి ఉంది. సరే, నరం బాగా తేలుతుందిలే అనుకుని కోశాడు. నెత్తురు నల్లగా, చిక్కగా, చుక్కలు చుక్కలుగా పడింది. పళ్లెం వేడెక్కలేదు. చలికాలం కదా, ముసలి ప్రాణం కదా అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. గుడ్డ వెనకనుంచి మాగిపోయిన పండ్ల వాసన వచ్చింది.

"అటకమీద ఆపిల్ పండ్లు కుళ్లుతున్నట్టున్నాయి," అంది హవీస్.

కట్టుకట్టాక, "గుప్పిట తెరువు తల్లీ, అయిపోయింది," అన్నాడు. తెరవలేదు. చెయ్యి అలాగే చాచి ఉంది... చాలాసేపు. ఏదో అడుగుతున్నట్టు. చివరికి మెల్లగా లోపలికి వెళ్లిపోయింది.

ఆదివారం గిన్నె మొదటిసారిగా ముట్టకుండా తిరిగి వచ్చింది. హవీస్ గోలపెట్టి ఊరందరినీ పోగుచేసింది. గోడ పగలగొట్టారు. తల్లి నేలమీద పడి ఉంది, మెడచుట్టూ నల్లగా కమిలిన గీత.

సోమవారం పొద్దున రాజుగారి విచారణాధికారి గుర్రం దిగేసరికే ఊరు తీర్పు చెప్పేసింది. గురువారం దాకా తల్లి బతికే ఉంది, వైద్యుడు స్వయంగా నెత్తురు తీశాడు. ఫాదర్ రానల్ఫ్ పన్నెండు రోజుల కిందట బిషప్ దగ్గరికి వెళ్లి నిన్న సాయంత్రమే తిరిగొచ్చాడు. ఇక ఆ కిటికీ దగ్గర మసిలిందెవరు? హవీసే.

హవీస్ చేతులు కట్టేశారు. ఎప్పుడూ ఆగని ఆ నోరు ఇప్పుడు పెగలడం లేదు. "అయ్యా, మీరు చెప్పండి... నేను ఆమెకు ఇరవై ఏళ్లు అన్నం పెట్టాను," అని మాత్రం అంది.

థర్‌స్టన్ శవం పక్కన మోకరిల్లాడు. యుద్ధాల్లో శవాలు చూసిన కళ్లు. పొత్తికడుపు పచ్చబడింది. చర్మం పొరలుగా ఊడుతోంది. మూడు రోజుల శవం కాదు, నాలుగు రోజులదీ కాదు. ఈ చలిలో ఇలా కావాలంటే పది, పన్నెండు రోజులు పట్టాలి. కానీ కుడిచేతికి కట్టు ఉంది. అది తన కట్టు. తన ముడి.

నిజం చెబితే హవీస్ బతుకుతుంది. చెబితే, శవానికి నెత్తురు తీసిన మంత్రగాడని తనను తగలబెడతారు. హవీస్ వంక చూశాడు. ఆమె తలెత్తలేదు.

"పన్నెండు రోజుల కిందటే చనిపోయింది," అన్నాడు.

మృతుల ప్రార్థనకని ఊదారంగు పట్టు ఉత్తరీయం మెడలో వేసుకుని నిలబడ్డ ఫాదర్ నవ్వాడు. "మతిపోయిందా వైద్యుడా? మరి గురువారం నువ్వు కోసింది ఎవరి చెయ్యి?"

"ఈమెదే."

"విన్నారా! వీణ్ని కూడా కట్టండి!"

థర్‌స్టన్ వినడం లేదు. కుడిచెయ్యి ఎందుకిచ్చింది? పదకొండేళ్లలో ఎన్నడూ లేనిది... గుప్పిట ఎందుకు తెరవలేదు?

"ఆ గుప్పిట విప్పండి," అన్నాడు.

అధికారి మనుషులు ఇద్దరు పట్టిలాగారు. రాలేదు. కత్తిమొన పెట్టి చూశారు. రాలేదు. ఒకడు చెయ్యి వదిలేసి వెనక్కి జరిగాడు. గదిలో మాగిపోయిన పండ్ల వాసన... అదే వాసన.

థర్‌స్టన్ వంగి, ఆమె చెవి దగ్గర గుసగుసగా అన్నాడు. "నేనే తల్లీ. అప్పుడు తెలుసుకోలేకపోయాను. ఇప్పుడు తెరువు."

వేళ్లు తెరుచుకున్నాయి. ఒక్కొక్కటిగా.

అరచేతిలో ఊదారంగు పట్టు కుచ్చు. అధికారి ఫాదర్ దగ్గరికి నడిచి ఉత్తరీయం కొస ఎత్తి చూశాడు. ఒక కొసకు కుచ్చు లేదు.

ఫాదర్ అంతా ఒప్పుకున్నాడు. తనవల్ల గర్భవతి అయిన ఒక నేతగత్తెను ఏట్లో ముంచి చంపాడట. ఆ సంగతి తల్లికి తెలిసిపోయింది. బిషప్ దగ్గర ఒప్పుకో, లేకపోతే నేనే చెప్పిస్తానని కిటికీ దగ్గరికి పిలిచి హెచ్చరించిందట. అప్పుడు తన మెడలోని ఈ ఉత్తరీయమే కిటికీలోంచి ఆమె మెడకు వేసి లాగాడు.

హవీస్ కట్లు విప్పారు. తల్లిని ఆ గదిలోనే, సన్యాసం పుచ్చుకున్నప్పుడే ఆమె తన చేతులతో తవ్వుకున్న గోతిలోనే పూడ్చి, రెండు కిటికీలూ రాళ్లతో మూసేశారు. కుచ్చు చూశాక థర్‌స్టన్‌ను ఎవరూ ఏమీ అనలేదు. ఆయన ఎదురైతే మాత్రం పక్కకు తప్పుకునేవారు.

ఫిబ్రవరి వచ్చింది. మళ్లీ నెత్తురు తీసే రోజు. ఆయన కావాలనే కొట్టు మూసి లోపల కూర్చున్నాడు. మధ్యాహ్నం తలుపు తట్టిన చప్పుడు. హవీస్. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"అయ్యా... కిటికీ రాయి నేలమీద పడి ఉంది. లోపలినుంచి తోసినట్టు."

"ఇంకా?"

"మీకోసం చూస్తోంది."

ఆయన వెళ్లాడు. వెళ్లకుండా ఉండలేకపోయాడు. పొయ్యి రాజేసి ఉంది. కిటికీలోంచి ఎడమచెయ్యి చాచి ఉంది, ఈసారి గుప్పిట తెరిచే ఉంది. అరచేతిలో ఆ గురువారం ఆయన కట్టిన కట్టు, ఉతికి, ఆరబెట్టి, గుండ్రంగా అలాగే ఉంది.

ముడి విప్పలేదు.