నిలబడ్డ ఎలుగుబంటి

ఫ్రిజ్ ఖాళీ చెయ్యాలి.

గ్యాస్ కట్టెయ్యాలి.

తొమ్మిది రాతిబొమ్మల్నీ తువ్వాళ్లలో చుట్టి పెట్టెలో సర్దాలి.

విల్లా తాళాలు సూపర్‌వైజర్ హేమసుందర్ చేతికివ్వాలి.

ఒంటిగంటకల్లా ధహ్రాన్ ఎయిర్‌పోర్టులో ఉండాలి.

కెనడా నుంచి మేడమ్ ఫోన్లో చెప్పిన పనులవి. నాలుగైపోయాయి. ఐదోది...

కారు దూసుకుపోతోంది.

మధ్యాహ్నం పన్నెండున్నర. అద్దం బయట మాత్రం కటిక చీకటి!

1991 మార్చి. కువైట్‌లో చమురు బావులు తగలబడుతున్నాయి. ఆ పొగ సౌదీలో ఇక్కడిదాకా వచ్చి సూర్యుణ్ణి మింగేసింది.

"దడుచుకోవాకు చెల్లే!" డ్రైవర్ అబ్దుల్ ఘనీ నవ్వాడు. "ఆదోని ఎండకు మాడినోణ్ణి. ఇట్లా నీడ దొరికితే నాకు పండగే."

వెనక సీట్లో ఖుర్షీదా నవ్వలేదు. కడప మనిషి. మూడేళ్లుగా ఆ విల్లాలో పని. ఒళ్లో నల్లరాతి ఎలుగుబంటి.

గేటు దగ్గర హేమసుందరే ఇచ్చాడు. "మేడమ్ నీకిమ్మన్నారమ్మాయ్. పెట్టెలోంచి తీశాను. చేతిసంచిలోనే పెట్టుకో. బొంబాయిలో మా తమ్ముడొచ్చి నిన్ను రైలెక్కిస్తాడు."

పాస్‌పోర్టు ఆయన దగ్గరే ఉంది. ఎయిర్‌పోర్టులో ఇస్తానన్నాడు. వెనకే వస్తున్నాడు.

సంచిలో చోటు చెయ్యాలని ఎలుగుని పక్కనున్న సూట్‌కేసు మీద పెట్టింది.

నిలబడింది.

ఖుర్షీదా వంగి చూసింది.

నిలబడకూడదే!

ఆ బొమ్మలు మంచుదేశంలో ఇన్యూట్ జాతివాళ్లు చెక్కినవి. సీల్, వాల్రస్, గుడ్లగూబ... ఇది నీళ్లలో ఈదే ఎలుగు. కింద పీట ఉండదు. పొట్ట గుండ్రం. ఎక్కడ పెట్టినా దొర్లుతుంది. 'చూసే బొమ్మ కాదు ఖుర్షీదా, చేత్తో పట్టుకునే బొమ్మ' అనేది మేడమ్.

మూడేళ్లు రోజూ తుడిచింది. ఒక్కసారైనా నిలబడలేదు!

పొట్ట కింద తడిమింది. చదును. గోటితో గీసింది. అది బలపపు రాయి, తెల్లగీత పడాలి.

గోరు జారిపోయింది.

ప్లాస్టిక్!

"ఘనీ భాయ్... ఇది మేడమ్ బొమ్మ కాదు!"

బ్రేక్!

ఘనీ చాకు తీశాడు. అడుగున అతుకులో గుచ్చి తిప్పాడు. మైనం ఊడింది. లోపల బంగారం. రాళ్ల హారాలు. ఒక చిన్నపిల్ల గాజు.

గాజు మీద ఎండిన రక్తం!

"యుద్ధంలో కువైట్ ఇళ్లలో దోచిన సొత్తు చెల్లే..." ఘనీ నగల్ని లోపలికి తోసేశాడు. "ముందు చెక్‌పోస్టు. ప్రతి సంచీ విప్పుతుండారు. నీ దగ్గర దొరికిందంటే మెడ మీద తల ఉండదు."

"పారేద్దాం భాయ్!"

"పాస్‌పోర్టో? వాని చేతిలో ఉంది కదా!"

వెనక హెడ్‌లైట్లు. దగ్గరికొస్తున్నాయి... ఆగాయి.

ఘనీ ఎలుగుని చంకన పెట్టుకున్నాడు. తాళంచెవి పీక్కున్నాడు. "దిగొద్దు!" హేమసుందర్ కారు వైపు నడిచాడు.

ఖుర్షీదా వెనక అద్దంలోంచి చూసింది. తాళం ఎందుకు తీసుకుపోయాడు?

ఇద్దరూ ఒకటేనా?

చప్పుడు కాకుండా తలుపు తీసింది. వెనక టైరు పక్కన నక్కింది. పొగ గొంతులో మండుతోంది. దగ్గొస్తోంది. కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఏంటయ్యా ఆపావు?" హేమసుందర్ గొంతు.

"చెల్లెలు బొమ్మ మోయలేదంట సార్. నేను మోస్తా. చెల్లెలి పాస్‌పోర్టు ఇయ్యి."

"నీకెందుకురా?"

"ఈయకుంటే దీన్ని పోయి చెక్‌పోస్టులో పెడతా. చేసినోడు పీట పెట్టినాడు సార్. ఆడనే దొరికిపోయినారు."

ఖుర్షీదా టైరు పక్కనుంచి తొంగిచూసింది.

కాగితం చప్పుడు. మరుక్షణం ఘనీ చేతిలోంచి ఏదో ఎగిరొచ్చి ఇసుకలో పడింది. ఆమె పాస్‌పోర్టు!

"ఉరుకు చెల్లే! సిపాయిల దగ్గరికి ఉరుకు!"

హేమసుందర్ చేతిలో ఏదో మెరిసింది.

ఖుర్షీదా పాస్‌పోర్టు అందుకుని పరిగెత్తింది. చెప్పులు ఊడిపోయాయి. ఎదురుగా చెక్‌పోస్టు దీపం... వంద అడుగులు... యాభై...

ఢాం!

దీపాలన్నీ ఒక్కసారి అటు తిరిగాయి. సిపాయిలు ఆమెను దాటి పరిగెత్తారు. వెలుగులో హేమసుందర్ చేతులెత్తాడు. అతని కాళ్ల దగ్గర ఘనీ బోర్లా పడున్నాడు. ఎలుగుని రెండు చేతులా పొట్టకింద అదిమిపెట్టి, వదలకుండా!

మూడోరోజు పేపర్లో హేమసుందర్ ఫొటో వచ్చింది. నగల ఫొటో వచ్చింది. చివర ఒక్క ముక్క: 'ఘటనలో ఒక డ్రైవర్ మరణించాడు.'

ఆ డ్రైవర్‌కి పేరుంది. అబ్దుల్ ఘనీ. ఆదోని మనిషి. తనకేమీ కాని ఆడపిల్లను 'చెల్లే' అన్నాడు, ఆ మాటకు నిలబడ్డాడు.

పేపరు మరిచిపోయింది. చదివిన మీరు గుర్తుపెట్టుకోండి.