చివరి వరుసలో మూడు సీట్లు

విమానంలో పనిచేసేవాళ్ళంతా ఆయన్ని సర్దుబాటు బాబాయి అనేవారు. ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఏ ప్రయాణికుడికీ కుదరదు అని చెప్పిన పాపాన పోలేదు. కిటికీ పక్క సీటు కోసం ఇద్దరు కీచులాడుకుంటే ఇద్దర్నీ లేపి, ఇద్దరూ నవ్వుకునేలా మళ్ళీ కూర్చోబెట్టేవాడు. ఎలాగని అడిగితే ఆయనకే తెలియదు. "కొంచెం సర్దుకోండి, సరిపోతుంది" అనేవాడు. సరిపోయేది.

ఇంతలో మహమ్మారి వచ్చిపడింది. జనం ఇళ్ళల్లో తలుపులు బిగించుకున్నారు. మందులు మోసే విమానాలు చాలక, మనుషుల విమానాల్లోనే అట్టపెట్టెలు ఎక్కించడం మొదలుపెట్టారు. ఒక్కో సీట్లో మూడు పెట్టెలు పేర్చి, బెల్టు బిగించి, పైన వల కట్టేవారు. ఎండకి సరుకు వేడెక్కకుండా కిటికీ మూతలన్నీ దించేసేవారు. ముందు గదిలో ఇద్దరు పైలట్లు, వెనక బాబాయి ఒక్కడే. పావుగంటకోసారి టార్చిలైటుతో ముప్పై వరుసలూ తిరిగి, కాలిన వాసన ఏమైనా వస్తోందేమో చూడడమే ఆయన పని. ఇంత బుద్ధిమంతులైన ప్రయాణికుల్ని జన్మలో చూడలేదు, ఒక్కడూ టీ అడగడం లేదని మొదట్లో జోకులేసేవాడు కూడా.

ఇక ఆయన చేసిన నిర్వాకం చెప్తాను. బెల్టు పాడైన సీటుకి ఎర్ర చీటీ కడతారు. బిగించే వీలుండదు కాబట్టి ఆ సీట్లో సరుకు పెట్టరు. ఆ చీటీలుండేది బాబాయి దగ్గరే. ఓ రోజు సరుకు ఎక్కించే ముందు, చివరి వరుసలో ఎడమపక్క మూడు సీట్లకీ ఆయన చీటీలు కట్టేశాడు. బెల్టులకి ఏ రోగమూ లేదు. కాళ్ళు బారజాపుకోవడానికి ఓ చోటు కావలసొచ్చింది, అంతే. బాబాయి కట్టాక ఇంక చూసేదేముందని లోడింగు మేస్త్రీ తొమ్మిది పెట్టెలు కింద షెడ్డులో ఉంచేశాడు. ఊపిరి మిషన్లకి తగిలించే గొట్టాలు అవి. పెట్టెకి ఇరవై, మొత్తం నూట ఎనభై. మర్నాటి విమానంలో పోతాయిలే అనుకున్నారు. మర్నాటికి ఒక పైలట్‌కి జ్వరం. మళ్ళీ విమానం కదిలేసరికి మొత్తం ఐదు రోజులైంది.

చీటీలు కట్టిన రోజు అవతలి ఊళ్ళో దిగాక, ఆస్పత్రి స్టోరు చూసుకునే ఆవిడ సరుకు తీసుకోవడానికి లోపలికి వచ్చింది.

"గొట్టాలు ఇంతేనా?" అని అడిగింది.

"ఇంతేనమ్మా" అన్నాడు బాబాయి.

ఆవిడ చివరి వరుస దాకా నడిచింది. అక్కడ నలిగిన దుప్పటి, తలగడ, ఎర్ర చీటీలు మూడు. వాటిని చూసి, వెనక్కి తిరిగి ఆయన్ని చూసింది. మాస్కు పైన కళ్ళు మాత్రమే కనబడుతున్నాయి. నాలుగు తిట్టినా బాగుండేది. ఆవిడ మెట్లు దిగి వెళ్ళిపోయింది. బాబాయికి తల కొట్టేసినట్టయింది.

ఇంటికెళ్తే అది ఇంకో నరకం. మెట్ల మీద పై అంతస్తువాళ్ళూ కింది అంతస్తువాళ్ళూ నిలబడి చప్పట్లు కొట్టారు. పెళ్ళైన దగ్గర్నుంచీ అల్లుడి గురించి ఒక్క మంచి మాట అనని అత్తగారు యాపిల్ పండు తొక్క తీసి, ముక్కలు కోసి పళ్ళెంలో పెట్టి ఇచ్చింది. మా అల్లుడు ప్రాణాలు మోస్తున్నాడని ఫోన్లో ఎవరికో గొప్పగా చెప్పుకుంది. ఆయన పళ్ళెం పక్కకి జరిపాడు. భార్యతో చెప్పేద్దామని రెండుసార్లు నోరు తెరిచి, నీళ్ళు నమిలి ఊరుకున్నాడు. ఐదు రోజులూ అద్దం చూడకుండానే గడ్డం గీసుకున్నాడు.

ఐదో రోజు మిట్టమధ్యాహ్నం మళ్ళీ బయల్దేరారు. ఆ తొమ్మిది పెట్టెల్నీ బాబాయే మోసుకొచ్చి, ఆ మూడు సీట్లలోనే పెట్టి, తన చేత్తోనే బెల్టులు బిగించాడు. దిగగానే ఆవిడకి ఉన్నదున్నట్టు చెప్పేయాలని గట్టిగా అనుకున్నాడు. ఉద్యోగం పోతే పోయింది, ఈ బరువు మాత్రం ఇంక మోయలేడు.

విమానం పైకి లేచింది. బయట కళ్ళు చెదిరే ఎండ. లోపల కిటికీ మూతల అంచుల్లో సన్నటి గీతలు తప్ప అంతా చీకటి. అట్టల వాసన, ప్లాస్టిక్ వాసన. ఇంజన్ల రొద. మొదటి చుట్టు తిరిగొచ్చి, ముందున్న తన సీట్లో కూర్చున్నాడు.

టింగ్ మంది.

ప్రయాణికులు పిలవడానికి నొక్కే బెల్లు అది. ఏ సీటు నుంచి నొక్కారో చూపే బోర్డు వైపు చూశాడు. ముప్పయ్యో వరుస, ఎడమపక్క.

ఏ పెట్టో ఒరిగి మీటకి తగిలుంటుందని సర్దిచెప్పుకుని లేచాడు. చివర్లో ఆ మూడు సీట్ల పైన, చదువుకోవడానికి వేసుకునే చిన్న దీపాలు మూడూ వెలుగుతున్నాయి. పెట్టెలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. దీపాలు ఆర్పాడు. ముందువైపుకి పది వరుసలు నడిచాడో లేదో...

టింగ్.

మూడూ మళ్ళీ వెలిగాయి.

మళ్ళీ చివరికి నడిచాడు. దగ్గరికెళ్ళాక చప్పుడు వినిపించింది. గాలి అందని మనిషి ఊపిరి... ఈలలా లోపలికి వెళ్తోంది... మధ్యలో ఆగుతోంది... మళ్ళీ మొదలవుతోంది. చెమటా, మందూ కలిసిన వాసన. టార్చి బెల్టుల మీద వేశాడు. తను బిగించిన బెల్టులు. పెట్టెల మీద అవి మెల్లగా సాగుతున్నాయి... వదులవుతున్నాయి... సాగుతున్నాయి. పడుకున్న మనిషి పొట్ట మీద కట్టినట్టు.

"సర్దుకున్నాం..." అని గుసగుసగా వినిపించింది. "ఐదు రోజులు... సర్దుకున్నాం..."

టార్చి జారిపోయింది. పడుతూ లేస్తూ ముందుకొచ్చి, తన సీట్లో ముడుచుక్కూర్చున్నాడు. దిగేదాకా మళ్ళీ ఒక్క చుట్టూ తిరగలేదు. నిప్పంటుకుంటే ఏమయ్యేదో, ఆ ఆలోచనే రాలేదు ఆయనకి.

దిగారు. పైలట్లు కాగితాల పని మీద ఆఫీసుకి వెళ్ళారు. హమాలీలు పెట్టెలన్నీ దింపుకుపోయారు. స్టోరు ఆవిడ తలుపు దగ్గర నిలబడి చూసుకుంటోంది. బాబాయి ఆవిడకి చేతులు జోడించాడు. చీటీలు తనే కట్టానన్నాడు, అబద్ధమాడానన్నాడు. మూడు రోజులుగా కంటి మీద కునుకు లేక, ఒళ్ళు తెలియని నిద్రలో ఆ పని చేశానన్నాడు.

ఆవిడ చివరిదాకా విన్నది.

"గొట్టం కావలసింది నాకు కాదు" అంది నెమ్మదిగా. "వాళ్ళకి చెప్పుకోండి."

అని దిగి వెళ్ళిపోయింది.

బాబాయి లోపలికి తిరిగాడు. విమానం ఖాళీ. చీకట్లో, చిట్టచివర, ఆ మూడు దీపాలు.

వెళ్ళాడు. ఖాళీ సీట్ల ముందు నిలబడ్డాడు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు.

"తప్పయిపోయింది" అన్నాడు. "నిద్ర లేదు నాకు... మూడు రోజులు..."

ఒక దీపం ఆరింది. కాసేపటికి రెండోది. మూడోది అలాగే ఉంది. ఆయన ఎదురుచూశాడు. అది ఆరలేదు. ఎందుకు ఆరడం లేదో ఆయనకి తెలుసు. ఇక్కడ కూడా సర్దిచెప్పాడు మరి.

"ఆ మూడు రోజుల మాట అబద్ధం. నాకు నిద్ర రాలేదు" అన్నాడు చివరికి. "అసలు నిద్రే పోలేదు. ఫోన్లో కామెడీ సినిమా చూశాను. నవ్వాను... కడుపు పట్టుకుని నవ్వాను."

మూడోదీ ఆరిపోయింది.

ఊపిరి పీల్చుకున్నాడు. ఐదు రోజుల తర్వాత పీల్చిన మొదటి నిండు ఊపిరి అది.

అప్పుడు ముప్పయ్యో వరుసంతా వెలిగింది. ఆరు దీపాలు. తర్వాత ఇరవై తొమ్మిది. ఇరవై ఎనిమిది... వరుస వెనక వరుస ఆయన మీదుగా ముందుకు పోతున్నాయి... ఇరవై... పది... ఒకటి. నూట ఎనభై సీట్ల పైనా దీపాలు.

తలుపు బయట, కింది నుంచి మెకానిక్ కేకేశాడు. ఇంజన్లు ఆపేశాం, కరెంటు వైరు ఇంకా తగిలించలేదు, లోపల ఒక్క లైటూ వెలగదు, అంత చీకట్లో ఏం చేస్తున్నారు బాబాయ్, బయటికి రండి అని.

బాబాయి మొదటి వరుస దాకా నడిచి, ప్రయాణికుడి మాట వినడానికి వంగినట్టు వంగి, మళ్ళీ మొదలుపెట్టాడు. "నాకు నిద్ర రాలేదండీ..."

దీపం ఆరలేదు. ఆ సీటు బెల్టు మాత్రం క్లిక్కుమంది. తర్వాత పక్క సీటుది. తర్వాత వెనక వరుస, దాని వెనక వరుస, చివరిదాకా.

ఇరవై రెండేళ్ళుగా వింటున్న చప్పుడు. దిగడానికి బెల్టు విప్పే చప్పుడేదో, కూర్చుని పెట్టుకునే చప్పుడేదో ఆ చెవులకి బాగా తెలుసు.

అందరూ పెట్టుకుంటున్నారు.