పుట్టినరోజు నాచు చారు

"ఇవాళ కూడా ముట్టలేదా! ఇవాళ కూడానా!"

హేరన్ గరిటె పట్టుకునే అరిచింది. కూతురు సోల్బికి ఈ రోజుతో పదహారేళ్ళు నిండాయి. తెల్లవారకముందే లేచి, సముద్రపు నాచు నానబెట్టి, నువ్వుల నూనెలో మాంసం వేయించి, చారు కాచిందామె. పుట్టినరోజున ఆ చారు తాగని బిడ్డ ఈ దేగు ఊళ్ళో ఎక్కడైనా ఉంటుందా! నిన్ననే బడి మెట్ల మీద కళ్ళు తిరిగి పడిపోయిన పిల్ల! నెల రోజులుగా బడిలో పెట్టే భోజనం పక్కపిల్లకి ఇచ్చేస్తోందట... టీచరు ఫోన్ చేసి చెప్పేదాకా తల్లికి తెలియదు! ఇంటికి రాగానే "తిన్నావా?" అని తను అడగడం, "తిన్నా" అని అది అనడం... రోజూ అదే మాట, రోజూ అబద్ధమే!

"ఒక్క చెంచా తాగవే తల్లీ... నీ కాళ్ళు పట్టుకుంటా!"

"వద్దన్నానా! నా ప్రాణం తీయకమ్మా!"

"ఆ తేయుల్ గాడు వదిలేసి పోయాడని ఇలా ఎండిపోతావా? వాడేమన్నా పెద్ద రాకుమారుడా?"

"వాడు నా ముఖం పళ్ళెమంత ఉందన్నాడు! ఏడుస్తూ నీ దగ్గరికొస్తే నువ్వేమన్నావ్? 'కాస్త తగ్గితే అందరూ నీ వెంటే పడతార్లే' అన్నావ్! చుసోక్ పండక్కి పిన్ని 'ముఖం ఎంత చిన్నదైందో' అంటే మురిసిపోయావ్! ఇప్పుడెందుకు ఏడుపు?"

హేరన్ గరిటె దించేసింది. నిజమే... మురిసిపోయింది! ఎండిపోతున్న బిడ్డని పక్కన నిలబెట్టుకుని, అందరి మెచ్చుకోళ్ళూ తనవే అన్నట్టు నవ్వింది!

మూల కూర్చుని పండు చెక్కు తీస్తున్న అత్తగారు కత్తి కింద పెట్టింది.

"అరుపులాపండే ఇద్దరూ! సోల్బీ, నువ్వు పుట్టాక మూడు వారాలు మీ అమ్మకి నేను తాగించింది ఈ చారే. నిన్ను కని నొప్పులు పడింది అది, ఈ చారు ముందు దానిదే. కోడలా, ముందు నువ్వు కూర్చుని తిను."

"నాకాకలి లేదత్తయ్యా..."

ఆ మాట అన్నాక హేరన్ ఉలిక్కిపడింది. అచ్చం సోల్బి గొంతే!

"చూశావా మామ్మా! చుట్టాల పెళ్ళికి వేసుకునే పట్టుబట్టలు ఒంటికి పట్టాలని అమ్మ రాత్రిపూట ఒక్క చిలగడదుంపతో సరిపెడుతోంది. మళ్ళీ నాకు నీతులు!"

హేరన్ కూర్చుంది. ఎన్నేళ్ళయిందో ఉదయం పూట కూర్చుని తిని! చారులో అన్నం కలుపుకుని, కన్నీళ్ళు తుడుచుకోకుండానే తినసాగింది.

"తప్పు నాదేనే... నువ్వెలా ఉన్నా నాకు ముద్దేనని చెప్పాల్సిన రోజున, తగ్గమన్నాను."

సంచీ భుజాన వేసుకుని గుమ్మం దాకా వెళ్ళిన సోల్బి ఆగింది. వెనక్కొచ్చి, తల్లి గిన్నెలోనే చెంచా ముంచి, కాస్త చారు తాగింది.

"ఉప్పు తక్కువైంది."

ఇంకో చెంచా తాగమనబోయి, హేరన్ ఆ మాట మింగేసింది. "సాయంత్రం డాక్టరు దగ్గరికి పోదామా?"

"నువ్వూ చూపించుకుంటానంటేనే."

"సరేనే..."

అత్తగారు ఆ ఒక్క గిన్నెలోనే మళ్ళీ వేడి చారు పోసి, ఇద్దరి మధ్యకీ జరిపింది.