మేనత్త హక్కు

కర్రపెండలం ఉడుకుతున్న వాసన పెరడంతా పరచుకుంది. లేసీలి తన వాకిట్లో కూర్చుని చాప నేయడానికి మొగలి ఆకులు చీరుతోంది. చేతులు పనిలో ఉన్నా, చెవులు మాత్రం పక్కనే ఉన్న తమ్ముడి ఇంట్లో ఉన్నాయి. ఆ రోజు గురువారం, వైమోవానా వచ్చే రోజు.

వైమోవానా పక్క ఊరి అమ్మాయి. మాటలు ఆలస్యమైన పసివాళ్ళున్న ఇళ్ళకు వారం వారం వెళ్ళి, తల్లి పక్కన చాప మీద కూర్చుని, బిడ్డతో ఎలా ఆడాలో, ఏమేమి మాట్లాడాలో చూపించడం ఆమె ఉద్యోగం. గింజలు పోసిన సీసా, గుడ్డబొమ్మ, చెక్కముక్కలు సంచిలో వేసుకుని వస్తుంది.

గోడ అవతల నుంచి, ఇంకా మాటలు రాని తమ్ముడి కూతురు ఫానే నవ్వు వినిపించింది. ఆ పిల్లకు పేరు పెట్టింది లేసీలి. పుట్టినరోజుకు పందిని కోయించింది, ఊరు మెచ్చే చాప నేసి ఇచ్చింది. ఆ దీవిలో తండ్రికి అక్క అంటే బిడ్డకు అందరికన్నా పైమనిషి. ఆమె అడిగినది కాదనే నోరు అక్కడ లేదు. అయినా పిల్ల తన ఒళ్ళో ఒక్కసారీ అలా నవ్వలేదు. అడిగి తీసుకోగలిగినవాటిలో నవ్వు లేదన్న సంగతి ఆమెకు ముల్లులా తగిలింది.

లేచి వెళ్ళింది. గుమ్మంలో ఆమెను చూడగానే మరదలు మెలియామే తల వంచింది.

"ఆ సంచి నాకివ్వు," అంది లేసీలి. "ఇకనుంచి గురువారాలు పిల్ల నా దగ్గరుంటుంది."

వైమోవానా కూడా ఆ గడ్డ మీద పుట్టిందే. ఆచారం తెలుసు గనుక సంచి ముందుకు జరిపింది. అక్క ఉన్న గదిలోకి తమ్ముడు రాకూడదన్నది ఆచారం కనుక తమ్ముడు సొసాయియా గోడ బయటే నిలబడి, అక్క ఎలా అంటే అలాగేనన్నట్టు దగ్గి, చేను వైపు నడిచాడు.

మరుసటి గురువారం లేసీలి బొమ్మలన్నీ వరుసగా పేర్చి, ఆడుకోమంది. పిల్ల కదల్లేదు. సీసా ఊపింది. పిల్ల సీసాను చూసి, తర్వాత ఆమె పెదవుల కేసి చూస్తూ ఉండిపోయింది. ఏదో ఒకటి చెప్పాలని లేసీలి నోరు తెరిచింది. ముట్టకు, కదలకు, కూర్చో అన్నవి తప్ప పసివాళ్ళకు చెప్పే మాట ఆమె దగ్గర లేదు.

అన్నం వేళకు మెలియామే ఆకు కప్పిన గిన్నె తెచ్చి గడప దగ్గర పెట్టింది. పిల్ల పరుగున వెళ్ళి ఆమె మెడ పట్టుకుంది.

"వదినా, అడిగినవన్నీ ఇచ్చాను," అంది మెలియామే నేల చూస్తూ. "పిల్లను కూడా ఇస్తాను. కానీ దానికి మాటలు ఇప్పుడిప్పుడే పెదవి దాకా వస్తున్నాయి. ఇప్పుడు ఆపితే లోపలికే పోతాయేమోనని భయంగా ఉంది."

లేసీలికి ఒళ్ళు మండింది. "మనకెవరు సీసాలు ఊపారే? మా అమ్మ ముందు నోరు విప్పితే వీపు పగిలేది. మూల కూర్చుని కిక్కురుమనకపోతేనే మంచిపిల్లన్నారు. నాకు మాటలు రాలేదా?"

"వచ్చాయి వదినా. చిన్నప్పుడు మీ పక్కన కూర్చుని మీతో ఎవరైనా మాట్లాడారా?"

లేసీలి జవాబు కోసం తన బాల్యమంతా వెతికింది. చాపలు కనిపించాయి, చీపురు కనిపించింది, పెద్దల పాదాలు కనిపించాయి. తన కేసి తిరిగిన ముఖం ఒక్కటీ కనిపించలేదు. ఇన్నాళ్ళూ తాను వైమోవానాను చూసి కుళ్ళుకుంటున్నాననుకుంది. కాదు. తనకు దక్కనిది దక్కించుకుంటున్న ఈ పసిదాన్ని చూసి.

ఆమె తన చాప మీద ఒక పక్కకు జరిగింది. ఆ చాప మీద మరదలు ఎన్నడూ కూర్చోలేదు.

"రా, కూర్చో. వైమోవానాను మళ్ళీ రమ్మని కబురు పంపు." గొంతు తగ్గించి అంది, "ముందు నువ్వు చూపించు. నాకు చేతకాదు."

మెలియామే జంకుతూ కూర్చుని పిల్లను ఇద్దరి మధ్యా దించి, తన ముక్కు తాకి దాని పేరు పలికింది. లేసీలి కూడా అలాగే తన ముఖం మీద వేలు పెట్టుకుంది.

"ఇది ముక్కు, ఫానే. మీ అత్త ముక్కు. ఇది..."

ఆమె వేలు చెంప మీదికి జారి ఆగింది. ఎవరూ తాకే సాహసం చేయని ఆ ముఖాన్ని పిల్ల చేయి చాచి తడిమింది, తడిసిన తన వేళ్ళను వింతగా చూసుకుంది. తల్లి ఆ చేతిని లాగబోయి ఆగింది.

"అవి కన్నీళ్ళు, తల్లీ," అంది మెలియామే నెమ్మదిగా. "అత్త కన్నీళ్ళు. వెచ్చగా ఉన్నాయి కదూ?"