పదకొండూ ముప్పావు

లూడోలో ఆరు పడితే చాలు, బొంగరం పచ్చకాయ ఇంటికి చేరిపోతుంది. పాచికను గుప్పిట్లో పెట్టుకుని తెగ ఊపుతోంది. సరిగ్గా అప్పుడే కింది వాటా నుంచి నాన్నమ్మ గొంతు మెట్లెక్కి వచ్చింది.

"బొంగరం, అన్నానికి రావే!"

ఆ పిల్లకు పదేళ్ళు. అసలు పేరు బడి హాజరు పట్టీలో భద్రంగా ఉంది. ఒకచోట నిమిషం నిలవదని నాన్నమ్మ పెట్టిన ఈ పేరే అందరికీ అలవాటైపోయింది. ఆ రోజు బడికి సెలవు. నాన్నమ్మకు రెండు రోజులుగా నలతగా ఉంది. అందుకే ఉదయం ఎనిమిదిన్నరకు టైలరింగ్ షాపులో పనికి వెళుతూ, ఇల్లు కదలకుండా ఆమెను కనిపెట్టుకుని ఉండమని అమ్మ ఒకటికి రెండుసార్లు చెప్పింది. బొంగరం ఎంతో బుద్ధిగా తలూపింది. అమ్మ వీధి మలుపు తిరిగిందో లేదో, పై అంతస్తులో స్నేహితురాలి ఇంట్లో తేలింది.

"మీ నాన్నమ్మ పిలుస్తోంది," అంది స్నేహితురాలు.

బొంగరం పెదాల మీద వేలు పెట్టుకుంది. పలికితే వెళ్ళాలి, వెళితే ఆట పోతుంది. స్నేహితురాలు గోడ గడియారం చూసి, పదకొండూ ముప్పావే అయింది, తన ట్యూషన్ పన్నెండున్నరకు కాబట్టి ఇంకో ఆట కూడా ఆడొచ్చని లెక్క తేల్చింది. నాన్నమ్మ మళ్ళీ పిలవలేదు. హమ్మయ్య అనుకుని బొంగరం పాచిక వేసింది.

పన్నెండున్నరకు రెండేసి మెట్లు దూకుతూ ఇంటికి వచ్చేసరికి నాన్నమ్మ కుర్చీలో ఒక పక్కకు ఒరిగిపోయి ఉంది. మూతి వంకరగా ఉంది. మనవరాలిని నవ్వించడానికి నాన్నమ్మ రకరకాలుగా మూతి తిప్పుతూ ఉంటుంది. అందుకని బొంగరం పకపకా నవ్వింది.

నాన్నమ్మ నవ్వలేదు. ఏదో చెప్పబోయింది గానీ మాట ముద్దముద్దగా వచ్చింది. కుడి చెయ్యి కుర్చీ పక్క నుంచి ఊరికే వేలాడుతోంది. బొంగరం ఆ చెయ్యి ఎత్తి ఒళ్ళో పెట్టింది. అది మళ్ళీ జారిపోయింది.  ఇప్పుడే నవ్విన నోరు తనదేనా అని బొంగరానికి అనిపించింది.

అమ్మకు ఫోన్ చేసింది. అమ్మ వెంటనే అంబులెన్స్‌ను పిలిచి, తానూ పరుగున బయల్దేరింది. అమ్మ వచ్చేసరికే అంబులెన్స్ కూడా వచ్చి ఆగింది. అంబులెన్స్‌లోంచి డ్రైవరూ, నీలం చొక్కా వేసుకున్న, అత్యవసర చికిత్స చేసే టెక్నీషియన్ ఆంటీ దిగారు.

ఆంటీ కంగారు పడలేదు. నాన్నమ్మ నోట్లో ఏమైనా అడ్డం ఉందేమో చూసింది, ఊపిరి చూసింది, నాడి పట్టుకుంది, బీపీ చూసింది. చక్కెర బాగా తగ్గిపోయినా మనిషి ఇలాగే అయిపోవచ్చంటూ వేలి చివర చిన్న పోటు పొడిచి రక్తపు చుక్కను పరీక్షించింది. చక్కెర సరిగ్గానే ఉంది.

"పెద్దమ్మా, ఒకసారి నవ్వండి."

నాన్నమ్మ నవ్వింది. సగం ముఖమే నవ్వింది. రెండు చేతులూ ఎత్తమంటే ఒక్కటే లేచింది. బొంగరం చూడలేక గోడ వైపు తిరిగింది.

మెదడుకు రక్తం అందడం లేదేమో, ఇది పక్షవాతంలా ఉందని ఆంటీ అమ్మతో చెప్పింది. తర్వాత ఒక్క ప్రశ్న వేసింది.

"ఈమె చివరిసారి మామూలుగా ఉన్నది ఎప్పుడు? చూసిందెవరు?"

అమ్మ బొంగరం వైపు చూసింది.

"నేనే," అంది బొంగరం. "పక్కనే ఉన్నా. పన్నెండున్నరకి ఉన్నట్టుండి ఇలా అయింది."

అబద్ధం అంత సులువుగా ఎలా వచ్చిందో దానికే తెలియలేదు. ఆంటీ తన గ్లవ్ మీద తెల్లటి టేపు ముక్క అంటించుకుని పన్నెండున్నర అని రాసుకుంది. కుర్చీ కింద నీళ్ళ గ్లాసు పడి ఉంది. ఆంటీ వంగి నేలను తడిమింది. నీళ్ళు ఒలికిన మరక ఉంది గానీ, తడి ఎప్పుడో ఆరిపోయింది. అప్పటికేమీ అనకుండా డ్రైవర్‌తో కలిసి నాన్నమ్మను స్ట్రెచర్ మీదకు చేర్చింది. ఆసుపత్రికి ఫోన్ చేసి వయసు, బీపీ, చక్కెర వరసగా చెప్పి, "మొదలైంది పన్నెండున్నరకి అంటున్నారు," అంది.

 అమ్మ తిట్టకుండా ఉండాలని బొంగరం అన్న మాట అది. ఇప్పుడు అది డాక్టర్ల దగ్గరకు వెళ్ళిపోతోంది.

"ఆంటీ, ఆ టైమ్ ఎందుకు?" అంది సన్నగా.

ఆంటీ దాని ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుంది. "అడ్డుపడిన రక్తపు గడ్డను కరిగించే మందు ఉంది పాపా. మనిషి బాగున్నట్టు చివరిసారి తెలిసినప్పటి నుంచి నాలుగున్నర గంటల్లోపే వెయ్యాలి. గడువు దాటాక వేస్తే తలలో రక్తం కారిపోవచ్చు. నేను తిట్టడానికి అడగట్లేదు. నీళ్ళు ఆరిపోయి ఉన్నాయి, అందుకే మళ్ళీ అడుగుతున్నా."

ఎదురుగా అమ్మ నిలబడి ఉంది. బొంగరం ఆమె వైపు చూడకుండా చెప్పేసింది.

"నేను లేను. ఎనిమిదిన్నరకే పైకి వెళ్ళిపోయా."

 అమ్మ చేతిలోని సంచీ జారి కింద పడింది. ఆంటీ గడియారం చూసుకుంది. ఎనిమిదిన్నర నుంచి లెక్కేస్తే, ఆసుపత్రి చేరేలోపే మందు గడువు అయిపోతుంది.

"ఆ తర్వాత ఎవరైనా ఆమెను చూశారా? మాట్లాడారా? గొంతు విన్నా చాలు."

బొంగరం ఇది మాత్రం చెప్పకూడదు అనుకుంది. పైకి వెళ్ళిపోవడం కన్నా ఇది సిగ్గుమాలిన పని. స్ట్రెచర్ మీద నాన్నమ్మ కళ్ళు తెరిచి పైకప్పును చూస్తోంది.

"నన్ను అన్నానికి పిలిచింది. విన్నాను. వినపడనట్టు ఊరుకున్నా."

"మాట స్పష్టంగా ఉందా?"

"రోజూ పిలిచినట్టే ఉంది. పదకొండూ ముప్పావు. మా ఫ్రెండ్ గడియారం చూసి చెప్పింది."

ఆంటీ టేపు మీద పాత టైమ్ కొట్టేసి పదకొండూ ముప్పావు అని రాసింది. స్ట్రెచర్ కదులుతుండగానే మళ్ళీ ఫోన్ చేసింది. "టైమ్ మార్చుకోండి. గడువు ఇంకా ఉంది. మేం బయల్దేరాం," అంది. బొంగరాన్ని ఒక్క మాటా అనలేదు. అమ్మ కూడా అనలేదు. దారి పొడవునా అమ్మ తన వైపు చూడకపోవడం దెబ్బల కన్నా ఎక్కువ నొప్పి పుట్టించింది.

ఆసుపత్రిలో డాక్టరు అదే ప్రశ్న అడిగాడు. అమ్మ చెప్పబోయేలోగా బొంగరమే ముందుకొచ్చి, పై వాటాకు వెళ్ళడం నుంచి పలకకపోవడం దాకా ఏదీ దాచకుండా చెప్పింది. స్కాన్ తీశారు. ఆ వెంటనే మందు ఎక్కించారు.

నాలుగో రోజుకు నాన్నమ్మ మూతి చాలావరకు సర్దుకుంది. మాట మాత్రం ఆగి ఆగి వస్తోంది. ఆ రోజు ఏం జరిగిందో ఆమెకు సరిగ్గా గుర్తు లేదు. నువ్వు పక్కన ఉండబట్టి సరిపోయింది అన్నట్టు మనవరాలి తల నిమిరింది. అమ్మ కిటికీ దగ్గర నిలబడి బయటకు చూస్తోంది. ఆ రోజు సంగతి ఆమె నాన్నమ్మకు చెప్పలేదు, చెప్పేలా కూడా లేదు. బొంగరం ఊరుకుంటే ఆ సంగతి అక్కడితో ముగిసిపోతుంది.

"నేను పక్కన లేను, నాన్నమ్మా," అంది బొంగరం. "నువ్వు పిలిచావు. నాకు వినిపించింది. ఆట పోతుందని పలకలేదు."

నాన్నమ్మ చెయ్యి దాని తల మీద అలాగే ఆగిపోయింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. బొంగరానికి లేచి పారిపోవాలనిపించింది.

"కోపం... వస్తోందే... నాకు," అంది నాన్నమ్మ. ఊపిరి పీల్చుకుని మళ్ళీ మొదలుపెట్టింది. "మాటలు... సరిగ్గా రానీ. అప్పుడు... తిడతా. అందాకా... ఇక్కడే కూర్చో."

బొంగరం స్టూలు మంచం దగ్గరకు లాక్కుని కూర్చుంది.